జైలులో ఉన్నవారికి ఆధ్యాత్మిక తోడు: కతోలిక విశ్వాసులు ఈ సేవను ఎలా చేయాలి

జైలు సేవకు ముందుకు వచ్చే కతోలిక విశ్వాసులు చాలామంది మత్తయి సువిశేషం 25వ అధ్యాయాన్ని మనసులో పెట్టుకుని వస్తారు. చెరసాలలో ఉన్నవారిని చూడడానికి వెళ్లినవారు తన్నే చూడడానికి వచ్చారని క్రీస్తు ప్రభువు అక్కడ చెప్పారు. ఆ పిలుపును మనస్ఫూర్తిగా నమ్మి వెళ్లండి. అయితే జైలు గేటు దాటే ముందు ఒక విషయం బాగా గ్రహించాలి. గుడిలో ప్రసంగం నచ్చని మనిషి లేచి వెళ్లిపోగలడు, ఖైదీ వెళ్లలేడు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎవరి పక్కన ఉండాలో కూడా ఇతరులే నిర్ణయించే చోట, ఒక మనిషి తనంతట తాను సరేననో వద్దనో చెప్పగలిగే అతి కొద్ది విషయాల్లో ప్రార్థన ఒకటి. ఆ స్వేచ్ఛకు భంగం కలగకుండా తోడుండడమే ఈ సేవలో అసలు పని అని నా దృఢమైన అభిప్రాయం. ఏ అడుగు వేయాలో తోచనప్పుడు, ఈ పని వల్ల ఆయన స్వేచ్ఛ పెరుగుతుందా తగ్గుతుందా అని ఆలోచిస్తే చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

ముందు మిమ్మల్ని పంపేవారు ఉండాలి

మీ అంతట మీరు జైలు అధికారుల వద్దకు వెళ్లకండి. మీ విచారణ (పారిష్) గురువులతో మాట్లాడి, మీ మేత్రాసనంలో (బిషప్పు గారి పరిధిలో) జైలు సేవను చూస్తున్న చాప్లిన్ ఫాదర్ గారు, అంటే ఆ సేవకు నియమితులైన గురువు, ఎవరో తెలుసుకుని, వారి బృందంలో చేరండి. ఇది మర్యాద కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు. మీరు తప్పు చేస్తే దిద్దేవారు, అలసిపోతే మీ బదులు వెళ్లేవారు, మీరు చెప్పిన మాట నిలబడేలా చూసేవారు ఉండాలి. ఒంటరిగా వెళ్లే మనిషి ఎంత మంచివారైనా, ఒక్క జ్వరంతోనో బదిలీతోనో సేవ మొత్తం ఆగిపోతుంది. అప్పుడు లోపల ఎదురుచూస్తున్నవారికి, తమను వదిలేసి వెళ్లినవారి జాబితాలో ఇంకొకరు చేరినట్టే అవుతుంది. కనీసం ఒక ఏడాది పాటు, చెప్పిన రోజున చెప్పిన వేళకు రాగలనని మీకు నమ్మకం కుదిరాకే పేరు ఇవ్వండి. నెలకు ఒక్కసారే వీలవుతుందనుకుంటే ఒక్కసారే ఒప్పుకోండి, కానీ ఆ ఒక్కసారీ తప్పకూడదు.

జైలు యాజమాన్యం మీ గుర్తింపు పత్రాలను, గత చరిత్రను పరిశీలిస్తుంది. దానికి నొచ్చుకోకండి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలలో 65వ నియమం ఖైదీల మతసేవ గురించే మాట్లాడుతుంది. అర్హత గల మత ప్రతినిధి ప్రార్థనలు జరపడానికి, తగిన వేళల్లో తన మతానికి చెందిన ఖైదీలను ఏకాంతంగా కలవడానికి వీలుండాలని, ఏ మతానికి చెందిన ప్రతినిధిని కలవడాన్నైనా ఖైదీకి నిరాకరించకూడదని, అలాగే ఖైదీ వద్దంటే ఆ అభిప్రాయాన్ని పూర్తిగా గౌరవించాలని అది చెబుతుంది. మతగ్రంథాలను దగ్గర ఉంచుకోవడం గురించి 66వ నియమం చెబుతుంది. ఈ రెండూ మీరు తెలుసుకుని ఉండాలి. గేటు దగ్గర వాటిని చదివి వాదించడానికి మాత్రం పూనుకోకండి. అక్కడ చెల్లేది ఆ జైలు నియమావళి, అభ్యంతరం ఉంటే చాప్లిన్ ఫాదర్ గారి ద్వారా పైఅధికారులకు రాతపూర్వకంగా తెలపాలి.

ఏం తీసుకెళ్లాలి, ఏం తీసుకెళ్లకూడదు

తీసుకెళ్లే ప్రతి వస్తువునూ ముందుగానే జాబితాగా రాసి కార్యాలయంలో ఇచ్చి, అనుమతి కాగితం చేతిలో ఉంచుకోండి. జపమాల లోహపు గొలుసుతో చేసినదైతే చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు కాబట్టి, దారంతో అల్లి చెక్క లేదా ప్లాస్టిక్ శిలువ కట్టినవి సిద్ధం చేసుకోండి. గట్టి అట్ట లేని బైబిలు ప్రతులు మేలు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, గాజు పాత్రల విషయంలో విడిగా అడగాలి. దివ్యబలిపూజకు (మాస్‌కు) కావలసిన ద్రాక్షరసం చిన్న పరిమాణమే అయినా మద్యం కిందే లెక్క కాబట్టి, దానికి స్పష్టమైన అనుమతి లేకుండా ఎప్పుడూ తీసుకెళ్లకూడదు. అనుమతి రాకపోతే ద్రాక్షరసం లేకుండా బలిపూజ జరపడం శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం కుదరదు. అప్పుడు దైవవాక్య ప్రార్థన జరిపి, బయట ప్రతిష్ఠించిన దివ్యసత్ప్రసాదాన్ని (క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పాన్ని) పంచే ఏర్పాటు చేసుకోవాలి.

ఇక బయటికి తేకూడని వాటి సంగతి. ఉత్తరం, ఫోను నంబరు, డబ్బు, మందుబిళ్ల, నోటిమాట, ఏదైనా సరే లోపలికి గానీ బయటికి గానీ మోయకండి. అన్నిటికంటే కష్టమైనది నోటిమాటే. "నేను బాగున్నానని మా అమ్మకు ఒక్క మాట చెప్పండి చాలు" అని ఒక మనిషి మీ చేయి పట్టుకుని అడిగినప్పుడు కాదనడం చాలా బరువుగా ఉంటుంది. అయినా మీకు మామూలుగా వినిపించే మాట ఇంకొకరికి బెదిరింపో, సాక్షికి ఇచ్చే సూచనో కావచ్చు, దాన్ని గుర్తించే వీలు మీకు లేదు. "నేనుగా చెప్పలేనండి, కానీ ఇప్పుడే చాప్లిన్ ఫాదర్ గారితో, సంక్షేమ అధికారితో మాట్లాడదాం, ఫోనుకో ములాఖత్‌కో ఏ దారి ఉందో అడుగుదాం" అని చెప్పి, ఆ పని నిజంగానే ఆ రోజే చేయండి. వచ్చే వారం దాని ఫలితం ఏమిటో ఆయన అడగకముందే మీరే చెప్పండి.

మొదటి కలయిక

పేరు పెట్టి, 'మీరు' అని, 'గారు' చేర్చి పలకరించండి. అక్కడ ఏకవచనంలోనో, నంబరుతోనో పిలిపించుకుంటున్న మనిషికి ఆ పలకరింపు ఎంత దూరం వెళుతుందో కళ్లలోనే తెలుస్తుంది. ఆయన నిలబడి ఉండగా మీరు కూర్చోకండి. వీలైతే ఇద్దరూ ఒకే ఎత్తులో, మేజా అడ్డం లేకుండా, తలుపుకు దారి ఇద్దరికీ ఉండేలా కూర్చోండి.

ఏ నేరం మీద వచ్చారని అడగకండి. బయట ఆరా తీసి తెలుసుకుని కూడా వెళ్లకండి. ఆయనే చెప్పడం మొదలుపెడితే, కోర్టు విచారణ ఇంకా నడుస్తున్న పక్షంలో, సున్నితంగా ఆపండి. దానికి బలమైన కారణం ఉంది. పాపసంకీర్తనంలో (గురువు ముందు పాపాలు ఒప్పుకునే సంస్కారంలో) విన్న మాటను గురువు ఏ పరిస్థితిలోనూ బయటపెట్టకూడదని శ్రీసభ కానన్ చట్టం 983వ సూత్రం శాసిస్తుంది. ఆ రహస్యం మీకు వర్తించదు. సామాన్య విశ్వాసిగా, ఉపదేశిగా, మఠకన్యగా మీరు విన్నదాన్ని న్యాయస్థానం అడిగితే చెప్పాల్సి రావచ్చు. "కేసు వివరాలు మీ వకీలుకు చెప్పండి, మనసులో మోయలేని భారం ఉంటే ఫాదర్ గారికి పాపసంకీర్తనంలో చెప్పండి, మీ దిగులు, భయం, మీ ఇంటి సంగతులు నాకు చెప్పండి" అని మొదటి రోజే వివరంగా చెప్పడం ఆయన పట్ల నిజాయితీ.

అదే మొదటి రోజున ఇంకొక హద్దు కూడా చెప్పాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన, ఇంకొకరికి హాని చేసే పథకం, తప్పించుకునే ప్రయత్నం, ఈ మూడూ చెవిన పడితే మీరు దాచలేరు. ఈ మాట ముందే తెలిసిన మనిషి మిమ్మల్ని ఎక్కువ నమ్ముతాడే తప్ప తక్కువ నమ్మడు. ప్రాణం తీసుకోవాలనిపిస్తోందని ఎవరైనా సూచనగా అన్నా సరే, తిన్నగా, మెత్తగా, అదే మాట వాడి అడగండి. ఆయన్ని ఒంటరిగా వదలకుండా దగ్గరలోని అధికారిని పిలిపించండి. ఆ తర్వాతే ప్రార్థన. తీర్పు వెలువడిన రోజు, ఇంట్లో మరణవార్త వచ్చిన రోజు, భార్యో భర్తో విడాకుల కాగితాలు పంపిన రోజు ముఖ్యంగా కనిపెట్టి ఉండండి.

సామూహిక ప్రార్థన

జైలులో ప్రార్థనకు దొరికే సమయం ఎంతో కచ్చితం. ఖైదీల లెక్కింపు ఏ వేళకో ముందుగా కనుక్కుని దానికి తగ్గట్టు ప్రార్థనను అమర్చుకోండి. లెక్కింపు పిలుపు రాగానే, కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నవారు సైతం ఉన్నపళంగా లేచి వరుసలో నిలబడాల్సిందే. దివ్యసత్ప్రసాదం పంచుతుండగా అలా జరిగితే వారికి, మీకు కూడా చాలా బాధ కలుగుతుంది. ఒక పాట, ఒక కీర్తన, సువిశేష పఠనం, చిన్న వివరణ, విన్నపాలు, పరలోక ప్రార్థన, ముగింపు ఆశీర్వాదం, ఇంత చాలు. మీ వివరణ కన్నా వారి విన్నపాలకు ఎక్కువ సమయం ఇవ్వండి.

పఠనాన్ని వరుసగా అందరి చేతా చదివించకండి. పాటల పుస్తకం తెరిచి పట్టుకున్నా చూపు ఒకే చోట నిలిచిపోయిన మనిషి మీకు తప్పక కనిపిస్తారు. ఆయనకు చదువు రాదు, ఆ సంగతి తోటివారికి తెలియకూడదని ఆయన ఆరాటం. ఎవరు చదువుతారో ముందే విడిగా అడిగి తెలుసుకోండి. 51వ, 130వ, 142వ కీర్తనలను పలుమార్లు చదివించి, అందరికీ కంఠస్థమయ్యే పల్లవి ఒకటి ఎంచుకోండి. తలుపు మూసిన రాత్రి పుస్తకం లేకపోయినా ఆ పల్లవి వారి దగ్గర ఉంటుంది. పునీత పౌలు చెరలో ఉండి రాసిన ఫిలిప్పీయుల లేఖను, ఫిలేమోను లేఖను చదివేటప్పుడు, ఇవి సంకెళ్లలో ఉన్న మనిషి రాసిన మాటలని గుర్తు చేయండి. పశ్చాత్తాపం గురించి మాత్రమే మాట్లాడే ప్రసంగాలు జైలులో అవసరానికి మించి వినిపిస్తాయి. కృతజ్ఞత, స్నేహం, పని, పిల్లల పెంపకం గురించి కూడా సువిశేషంలో ఎంతో ఉంది.

ఇతర క్రైస్తవ సంఘాలవారు, ఇతర మతాలవారు కూడా వచ్చి కూర్చుంటారు. కొందరు గది బయట గడిపే అరగంట కోసమే వస్తారు, అదీ మనిషికి కావలసినదే, ఎవరినీ పంపేయకండి. దివ్యసత్ప్రసాదం స్వీకరించే విషయంలో శ్రీసభ నియమాన్ని ఎవరి మనసూ నొచ్చుకోకుండా ముందే అందరికీ కలిపి చెప్పండి, స్వీకరించనివారు ఆశీర్వాదం కోసం రావచ్చని ఆహ్వానించండి. దివ్యసత్ప్రసాదాన్ని పంచడానికి నియమితులైన విశ్వాసులు మీరైతే, గుడి నుంచి నేరుగా జైలుకు వెళ్లండి, మధ్యలో ఇంకే పనీ పెట్టుకోకండి. ఎంతమందో లెక్క ముందే తెలుసుకుని అంతే తీసుకెళ్లండి. ఎవరికీ గదికి తీసుకెళ్లమని ఇవ్వకండి.

వియత్నాంలో బిషప్పుగా ఉండి తర్వాత కార్డినల్ అయిన ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ తువాన్ గారు 1975 నుంచి 13 ఏళ్లు చెరలో గడిపారు, అందులో 9 ఏళ్లు ఏకాంత నిర్బంధం. కడుపునొప్పి మందు పేరుతో బయటినుంచి అందిన ద్రాక్షరసంలో మూడు చుక్కలను, ఒక చుక్క నీటిని అరచేతిలో పోసుకుని ఆయన బలిపూజ అర్పించేవారు. మీరు నియమాలను పాటించే సేవకులు కాబట్టి ఆయన దారిలో వస్తువులు చేర్చమని చెప్పడం లేదు. బల్ల, వస్త్రాలు, కొవ్వొత్తులు సమకూరలేదన్న కారణంతో పూజను రద్దు చేయాలనిపించినప్పుడు ఆ అరచేతిని తలుచుకోండి.

పాపసంకీర్తనం, జ్ఞానస్నానం

పాపసంకీర్తనానికి కాపలా సిబ్బందికి కనిపించేటట్టు, ఎవరికీ వినిపించనంత దూరంలో చోటు ఏర్పాటు చేయమని అధికారులను అడగండి. అద్దం తలుపున్న గది దొరికితే అంతకన్నా మంచిది లేదు. నిఘా కెమెరా శబ్దాన్ని కూడా నమోదు చేస్తుందేమో తప్పక అడిగి తెలుసుకోండి. ఎవరు వెళ్లారో, ఎవరు వెళ్లలేదో పేర్లు రాయకండి, వెళ్లమని ఎవరినీ భుజం తట్టి లేపకండి. గురువులు గమనించవలసిన విషయం ఒకటుంది. శ్రీసభ నుంచి వెలివేతకు దారితీసే కొన్ని నేరాల శిక్ష, అపోస్తలిక పీఠానికి (రోములోని పోపు గారి పీఠానికి) కేటాయించినది గానీ అధికారికంగా ప్రకటించినది గానీ కానప్పుడు, దాని నుంచి విమోచన ఇచ్చే అధికారాన్ని కానన్ చట్టం 566వ సూత్రం జైలు చాప్లిన్‌కు ఇస్తుంది.

జ్ఞానస్నానం కావాలని అడిగేవారు ఉంటారు. సంతోషించండి, తొందరపడకండి. ప్రాణాపాయం ఉంటే తప్ప, బయట వయోజనులకు ఇచ్చే సిద్ధబాటు కాలాన్నే ఇక్కడా ఇవ్వాలి. తీర్పు మీద మంచి ప్రభావం పడుతుందని ఎవరైనా ఆశించినా, దాన్ని పసిగట్టడానికి ప్రశ్నలు వేయడం కన్నా నెలల తరబడి కలిసి ప్రార్థించడమే నమ్మదగిన దారి. ఏ విచారణ రిజిస్టరులో ఆ జ్ఞానస్నానం నమోదైందో ఆయనకు చెప్పి ఉంచండి, ఏళ్ల తర్వాత పెళ్లికో ఇంకొకదానికో ఆ ధృవపత్రం కావాలి.

నేరం, క్షమాపణ

ఈ సేవలో అన్నిటికన్నా ఓపిక కావలసిన చోటు ఇదే. నేరం చేశానని ఒప్పుకునే మనిషిని వెంటనే ఓదార్చకండి. "దేవుడు క్షమించేశాడు, ఇక మరిచిపోండి" అన్న మాట బాధితులకు అన్యాయం, ఆయనకు మేలూ చేయదు. ఆయన మాట పూర్తయ్యేదాకా మౌనంగా కూర్చోండి. నేను నిర్దోషినని చెప్పే మనిషితో వాదించకండి, ఒప్పుకున్నట్టు తల ఊపకండి, నిర్దోషులు జైలులో ఉండడం జరగని సంగతి కాదు. తీర్పు చెప్పే బాధ్యత మీకు లేదు, దానికి ఎంతో ఊరట పొందండి.

బాధిత కుటుంబానికి క్షమాపణ పంపాలని ఎవరైనా అడిగితే, ఆ ఉత్తరాన్ని రాయించి దాచి ఉంచమనండి, మీరు మాత్రం చేరవేయకండి. అది చేరాలా వద్దా అన్నది బాధితుల ఇష్టం. 1902లో ఇటలీ బాలిక పునీత మరియా గొరెట్టిని చంపిన అలెస్సాండ్రో సెరెనెల్లి మొదటి ఏళ్లలో పశ్చాత్తాపపడలేదు. 30 ఏళ్ల శిక్షలో 27 ఏళ్లు గడిపి విడుదలయ్యాక ఆమె తల్లి ముందు నిలబడి క్షమించమని వేడుకున్నాడు, ఆమె క్షమించింది. అంత కాలం పట్టిన దాన్ని ఒక ధ్యానకూటమి చివరి రోజుకల్లా సాధించాలని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు.

మరణశిక్ష పడినవారి దగ్గరకు వెళ్లే గురువులకు టూరిన్ నగరపు పునీత జోసెఫ్ కఫాసో దారి చూపారు. 19వ శతాబ్దంలో ఆయన 57 మందికి చివరి ఘడియ వరకు తోడుగా నడిచారు. శ్రీసభ సత్యోపదేశం (అధికారిక బోధనల గ్రంథం) 2267వ పేరా 2018లో సవరించినప్పటి నుంచి మరణశిక్ష ఆమోదయోగ్యం కాదని స్పష్టంగా బోధిస్తోంది. ఆ మనిషికి మీరు ఆ మాట తప్పకుండా చెప్పాలి, క్షమాభిక్ష వస్తుందని మాత్రం మాట ఇవ్వకండి.

పండుగలు, కుటుంబం, సిబ్బంది

క్రిస్మస్, ఈస్టరు రోజులు లోపల చాలా బరువుగా గడుస్తాయి. పండుగ రోజున కుదరకపోతే మర్నాడైనా వెళ్లండి. ఫ్రాన్సిస్ జగద్గురువులు (పోపు ఫ్రాన్సిస్) 2013లో పవిత్ర గురువారం నాడు రోములోని బాలనేరస్థుల కేంద్రంలో 12 మంది పాదాలు కడిగారు, వారిలో ముస్లిములూ ఆడపిల్లలూ ఉన్నారు. 2025లో అదే గురువారం నాడు, తీవ్ర అనారోగ్యంతో పాదాలు కడగలేని స్థితిలో ఉండి కూడా రెజీనా చేలీ జైలుకు వెళ్లి ఖైదీల మధ్య కొద్దిసేపు గడిపారు. అది ఆయన మరణానికి నాలుగు రోజుల ముందు. మీకు పాడడం రాకపోయినా, ఆ రోజు చెప్పడానికి మాటలు దొరకకపోయినా వెళ్లడం మానకండి.

కాపలా సిబ్బందిని పేరుతో పలకరించండి, వారి ఇళ్లలోనూ జబ్బులు, దుఃఖాలు ఉంటాయి. ఖైదీ కుటుంబానికి విచారణలోనే ఒక స్త్రీనో కుటుంబాన్నో తోడుగా ఏర్పాటు చేయమని గురువులను కోరండి. మీరు మాత్రం ఆ ఇంటికీ ఖైదీకీ మధ్య వార్తాహరులు కాకండి. ఖైదీకి మీ ఇంటి చిరునామా, సొంత ఫోను నంబరు ఇవ్వకండి, అప్పు ఇవ్వకండి. ఒక్కరి మీదే మనసు ఎక్కువగా పోతున్నట్టు అనిపిస్తే బృందంలో ఆ మాట బయటికి చెప్పండి.

విడుదల

తర్వాత సలేషియన్ సభను స్థాపించిన డాన్ బోస్కోను, ఆయన యువ గురువుగా ఉన్నప్పుడు, టూరిన్ జైళ్లకు పంపింది కఫాసో గారే. విడుదలైన కుర్రాళ్లు మళ్లీ మళ్లీ అక్కడికే రావడం చూసి, బయట పట్టించుకునేవారు ఎవరూ లేకపోవడమే కారణమని బోస్కో గ్రహించారు. అందుకే విడుదలకు చాలా నెలల ముందే పని మొదలుపెట్టండి. గుర్తింపు పత్రాలు, మందులు, మొదటి రాత్రి తల దాచుకునే చోటు, పని ఇచ్చే మనిషి, మద్యం మానడానికి తోడ్పడే కూటమి, వీటిలో ఏది ఉంది, ఏది లేదు అని ఆయనతోనే కూర్చుని రాయండి. ఆయన వెళ్లబోయే ఊరి విచారణ గురువులకు కబురు చేసే ముందు ఆయన అనుమతి తీసుకోండి, ఎంతవరకు చెప్పాలో కూడా ఆయన్నే అడగండి. మొదటి ఆదివారం గుడి గుమ్మం దగ్గర పలకరించి పక్కన కూర్చునే ఒక్క మనిషి చాలు, సంఘం ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించడం వద్దు.

పిల్లల మీద లేదా స్త్రీల మీద జరిగిన నేరాలకు శిక్ష అనుభవించినవారి విషయంలో మాత్రం గోప్యత కన్నా రక్షణ ముందు రావాలి. ఏ పూజకు రావచ్చు, ఎక్కడ కూర్చోవాలి, ఏ కార్యక్రమాలకు దూరంగా ఉండాలి, ఎవరు తోడుంటారు అన్నది మేత్రాసన రక్షణ బాధ్యులు, విచారణ గురువులు, ఆ మనిషి కలిసి రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. ఈ సంగతిని విడుదలకు ముందే ఆయన ముఖం చూస్తూ చెప్పండి. బాధితులు అదే విచారణలో ఉంటే, ఆయన ఇంకొక విచారణకు వెళ్లేలా ఏర్పాటు చేసి, అక్కడి గురువులను మీరే వెంట ఉండి పరిచయం చేయండి.